కాడతో కోసిన పువ్వు

పువ్వంటే మనకు దేవుడి పటానికి, లేదా జడలోకి. తొడిమ దగ్గర తుంచుతాం; కాడతో పని లేదు. ఇంగ్లండు వచ్చాకే చాలామందిమి పువ్వును కాడతో కోసి ఫ్లవర్‌వేజులో పెట్టడం నేర్చుకున్నాం. ఈ అలవాటు వెనుక ఇద్దరు స్త్రీల కృషి ఉంది.

సర్రే కౌంటీలో మన్‌స్టెడ్ వుడ్ తోటను పెంచిన గెర్‌ట్రూడ్ జెకిల్ (1843–1932) ఇంట్లో పూల అలంకరణ గురించి 1907లో పుస్తకం రాశారు. ఏ ఋతువులో తోట ఏది ఇస్తే దానితోనే ఇంటిని అలంకరించడం ఆమె పద్ధతి. నీళ్లు ఎక్కువ పట్టే గాజు పాత్రలను కూడా ఆమే రూపొందించారు.

తరువాత వచ్చినవారు కాన్‌స్టన్స్ స్ప్రై (1886–1960). తూర్పు లండన్‌లో బడి నడిపిన ఆమె 1929లో పూల కొట్టు తెరిచారు. ఖరీదైన పూల పక్కనే కేల్ ఆకులు, కంచెల్లో కాసే పండ్లు, ఎండిన గింజకాయలు పెట్టారు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు పూల అలంకరణలోనూ ఆమె చేయి ఉంది.

అందం పువ్వు ధరలో లేదని చెప్పడమే ఆమె చేసిన మేలు. ఇది మనకు కొత్త మాట కాదు. తెలంగాణలో బతుకమ్మను పేర్చే తంగేడు, గునుగు చేలగట్ల మీద, బీళ్లలో వాటంతటవే పూచేవే కదా!

ఇక్కడ ఫిబ్రవరిలో స్నోడ్రాప్, మార్చిలో డాఫొడిల్, జూన్‌లో గులాబి, సెప్టెంబరులో డాలియా పూస్తాయి. డిసెంబరులో పువ్వు లేకపోయినా ఎర్రపండ్ల హోలీ కొమ్మ ఉంటుంది. ప్లాస్టిక్ పూలు కొనవలసిన నెల ఏడాదిలో ఒక్కటీ లేదు. మన పిల్లలు ఋతువులను క్యాలెండరులో కాక, ఇంట్లోని ఫ్లవర్‌వేజులో చూసి తెలుసుకోవాలని మన కోరిక.