దానపత్రం నుండి వినియోగ ధ్రువపత్రం వరకు
విశ్వవిద్యాలయాలలో విజ్ఞాన పరిశోధనకు నిధుల చరిత్ర

1914 మార్చి 27వ తేదీన కలకత్తాలోని అప్పర్ సర్క్యులర్ రోడ్డులో విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు శంకుస్థాపన జరిగింది. అంతవరకు మన దేశంలో విశ్వవిద్యాలయమంటే ప్రధానంగా పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే సంస్థ. పరిశోధనకు ప్రయోగశాల కావాలి, ఆచార్యులకు స్థిరమైన వేతనం కావాలి, ఏటేటా పరికరాలు, రసాయనాలు కావాలి. వీటికి ధనం ఎవరివ్వాలి, ఏ షరతులపై ఇవ్వాలి, లెక్క ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలు ఆనాడే తలెత్తాయి. నేటికీ అవి సమసిపోలేదు.

ఇద్దరు దాతలు

ఆ కళాశాలకు ప్రాణం పోసినవారు ఇద్దరు న్యాయవాదులు. 1912లో తారక్‌నాథ్ పాలిత్ ధనరూపంలోను, భూరూపంలోను సుమారు 15 లక్షల రూపాయల విలువైన ఆస్తిని విశ్వవిద్యాలయానికి సమర్పించారు. మరుసటి సంవత్సరం రాస్‌బిహారీ ఘోష్ 10 లక్షల రూపాయలిచ్చారు. అప్పటి వైస్ ఛాన్సలర్ ఆశుతోష్ ముఖర్జీ గణితవేత్త, హైకోర్టు న్యాయమూర్తి కూడా. షరతు విలువ, దస్తావేజు విలువ ఈ ముగ్గురికీ బాగా తెలుసు.

అందువల్లనే పాలిత్ దానపత్రం కేవలం ఔదార్య ప్రకటన కాదు. తన పేరిట ఏర్పడే ఆచార్య పీఠాలలో భారతీయులనే నియమించాలని ఆయన నిర్దేశించారు. దాన ధనం చాలనిచోట విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుండి పూరించాలన్నది మరో నిబంధన. దాత ఇచ్చి ఊరుకోలేదు, పుచ్చుకొన్న సంస్థను కూడా బాధ్యురాలిని చేశారు. ఆచార్యుడు ఏ అంశంపై పరిశోధించాలో మాత్రం ఆ షరతులు శాసించలేదు.

1917లో పాలిత్ భౌతికశాస్త్ర ఆచార్య పదవిని స్వీకరించిన సి.వి. రామన్ అంతకుముందు పదేళ్లపాటు ప్రభుత్వ ఆర్థిక శాఖలో గణాంకాధికారి. పద్దులు, వోచర్ల మధ్య పనిచేసి, ఎక్కువ జీతాన్ని వదులుకొని ఆయన ప్రయోగశాలకు వచ్చారు. రసాయనశాస్త్ర ఆచార్యులు ప్రఫుల్లచంద్ర రే అరవయ్యేళ్లు నిండినప్పటి నుండి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే విడిచిపెట్టారు. విభాగపు లోటును ఆచార్యుడే పూడ్చవలసి రావడం త్యాగానికి నిదర్శనమే. అది వ్యవస్థలోని లోపానికి కూడా నిదర్శనం.

రెండున్నర లక్షల వివాదం

మూలనిధి ఉన్నంత మాత్రాన రోజువారీ ఖర్చు గడవదు. కలకత్తా విశ్వవిద్యాలయానికి ప్రధాన రాబడి పరీక్షల రుసుము. 1917లో పాట్నా, 1920లో రంగూన్, 1921లో ఢాకా విశ్వవిద్యాలయాలు ఏర్పడడంతో దాని పరిధి కుదించుకుపోయింది. సహాయనిరాకరణోద్యమం వల్ల పరీక్షార్థుల సంఖ్యా తగ్గింది. ఖర్చు పెరుగుతూండగా రాబడి పడిపోయింది.

1922లో బెంగాల్ ప్రభుత్వం రెండున్నర లక్షల రూపాయల సహాయానికి ముందుకు వచ్చింది. కాని ఆర్థిక భారం పెంచే విస్తరణ చేపట్టరాదని, లెక్కలు ప్రభుత్వ పర్యవేక్షణకు లోబడి ఉండాలని షరతులు విధించింది. రెండవసారి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆశుతోష్ వాటిని తిరస్కరించారు. విద్యా స్వాతంత్ర్యాన్ని సొమ్ముకు తాకట్టు పెట్టడం ఆయనకు సమ్మతం కాలేదు.

ఈ వివాదంలో ప్రభుత్వ వాదనకు బొత్తిగా ఆధారం లేదనలేము. ప్రజాధనం పుచ్చుకొనే సంస్థ ప్రజలకు లెక్క చెప్పవలసినదే. అయితే ఖర్చయిన ధనానికి లెక్క అడగడం వేరు, రేపు ఏ శాఖ పెరగాలో, ఏది పెరగరాదో ముందుగా శాసించడం వేరు. ఆశుతోష్ ప్రతిఘటించింది ఈ రెండవదానిని. ఆ నిర్ణయానికి మూల్యమూ చెల్లించవలసి వచ్చింది. నిధుల కొరత నీడలోనే 1923లో మేఘనాథ్ సాహా అలహాబాదుకు తరలిపోయారు. ఆయన పాలిత్ ఆచార్యులుగా తిరిగి వచ్చింది 1938లో.

ఆంధ్రదేశంలో

ఈ అనుభవం తెలుగునాటికీ చేరింది. కలకత్తాలో తత్త్వశాస్త్రాచార్యులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ అయ్యారు. కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతం వాల్తేరు భౌతికశాస్త్ర విభాగంలో చేరారు. ఇక్కడ పాలిత్ స్థానాన్ని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ అలంకరించారు. ఏటా లక్ష రూపాయల చొప్పున ఆయన ప్రకటించిన విరాళం విజ్ఞాన, సాంకేతిక విద్యకు ఆధారమయింది. కళాశాలకు ఆయన పేరే నిలిచింది.

నేటి పద్దులు

స్వాతంత్ర్యానంతరం దాత స్థానంలో ప్రభుత్వం నిలిచింది. 1953లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, 1971లో కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ ఏర్పడ్డాయి. శాశ్వత మూలనిధికి బదులు నిర్ణీత కాలపు ప్రాజెక్టు వచ్చింది. పరిశోధకుడు ముందుగా ప్రతిపాదన రాయాలి. యంత్రసామగ్రి, సిబ్బంది వేతనం, రసాయనాలు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులు, సంస్థాగత వ్యయం అన్నవి వేర్వేరు పద్దులుగా చూపాలి. ఒక పద్దులో మిగిలిన సొమ్మును మరో పద్దుకు మళ్లించాలంటే సాధారణంగా అనుమతి అవసరం. ఆర్థిక సంవత్సరాంతానికి వ్యయ వివరణ, వినియోగ ధ్రువపత్రం సమర్పించిన తరువాతనే తదుపరి వాయిదా విడుదలవుతుంది.

ఈ క్రమశిక్షణ అవసరమే. కాని ప్రయోగం మార్చి 31వ తేదీని ఎరుగదు. విదేశం నుండి రావలసిన పరికరం ఆలస్యమైతే సొమ్ము ఖర్చుకాదు. సొమ్ము ఖర్చుకాకపోతే వాయిదా రాదు. వాయిదా రాకపోతే పరిశోధక విద్యార్థి జీతం ఆగుతుంది.

2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానం ఏర్పడింది. 2023-28 మధ్య దానికి 50,000 కోట్ల రూపాయలు అంచనా వేశారు. అందులో అధికభాగం ప్రభుత్వేతర వనరుల నుండి రావాలని భావించారు. అంటే పాలిత్, ఘోష్‌ల వంటి దాతల కోసం దేశం మళ్లీ ఎదురుచూస్తున్నదన్నమాట. దానపత్రంలోని షరతులు సంస్థను నిలబెట్టాయి. 1922 నాటి షరతులు దానిని నిలువరించజూచాయి. రాబోయే ప్రతి గ్రాంటు పత్రాన్ని రూపొందించేవారు గుర్తుంచుకోదగిన తేడా ఇదే.