కణవిషం నుంచి సంకేతం దాకా: అండాశయ క్యాన్సర్ మందుల చరిత్రలో రోగనిరోధకత

కీమోథెరపీ చరిత్రలో రోగనిరోధక వ్యవస్థకు చాలాకాలం బాధితురాలి స్థానమే దక్కింది. మందు కణితిని చంపుతుంది, ఆ క్రమంలో తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తుందన్నదే స్థిరపడిన అవగాహన. అదే మందు కణితి కణాల చేత రోగనిరోధక సంకేతాలను వెలువరింపజేస్తుందన్న సంగతి ఆలస్యంగా గుర్తింపుకు వచ్చింది.

కీమోథెరపీకి, రోగనిరోధకతకు గల సంబంధాన్ని సూచించిన తొలి మందులలో ఒకటి తెలుగు శాస్త్రవేత్త కృషి ఫలితమే. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలు ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన రసాయనాలను రూపొందించాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో ల్యుకేమియా సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో ప్రకటించింది. 1951 నాటికి అదే మందు కీళ్లవాతం, సోరియాసిస్ రోగులకూ మేలు చేసినట్లు తేలింది. క్యాన్సర్ మందు వాపును ఎందుకు తగ్గించాలి? ఈ ప్రశ్నను క్యాన్సర్ వైద్యం చాలాకాలం తనదిగా భావించలేదు.

అండాశయ క్యాన్సర్ చికిత్సకు ఆధారమైన సిస్‌ప్లాటిన్ యాదృచ్ఛికంగా దొరికింది. బాక్టీరియాపై విద్యుత్ ప్రభావాన్ని పరీక్షిస్తున్న బార్నెట్ రోజెన్‌బర్గ్, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి వెలువడిన సమ్మేళనాలు వాటి విభజనను ఆపుతున్నట్లు 1965లో నివేదించాడు. ఈ మందుకు 1978లో, పాక్లిటాక్సెల్‌కు 1992లో అమెరికాలో ఆమోదం లభించింది. విశేషమేమంటే, పాక్లిటాక్సెల్ ఎలుకల మాక్రోఫేజ్ కణాలపై బాక్టీరియా విషపదార్థంలా పనిచేస్తుందని ఆ ఆమోదానికి ముందే, 1990లో వెల్లడైంది. మానవ కణాలలో ఈ చర్య అంత స్పష్టం కాదు. అయినా టీఎల్ఆర్-4, మైడీ-88 ప్రోటీన్లు గల కొన్ని అండాశయ క్యాన్సర్ కణాలలో ఈ మందు వాపు సంకేతాలను పెంచి, వాటి మనుగడకే తోడ్పడుతున్నట్లు 2006లో వెలువడిన అధ్యయనం చూపింది.

సిస్‌ప్లాటిన్ దెబ్బతీసిన డీఎన్‌ఏ ముక్కలు కేంద్రకం వెలుపలికి చేరితే సీగ్యాస్ అనే ప్రోటీన్ వాటిని పసిగడుతుంది. స్టింగ్ ద్వారా ఇంటర్‌ఫెరాన్ సంకేతం మొదలై టీ కణాలను రప్పిస్తుంది. అయితే ఆ టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా వల్ల, వాటినే నిలువరించే పీడీ-ఎల్1 కూడా కణితి కణంపై పెరుగుతుంది. పిలిచిన చేయే తలుపు మూస్తుందన్నమాట. టీ కణాలు చేరడం ఎంత ముఖ్యమో 2003 నాటి ఒక అధ్యయనం తెలిపింది: కణితిలోకి అవి చొచ్చుకుపోయిన రోగులలో అయిదేళ్ల మనుగడ 38 శాతం, చొచ్చుకుపోని వారిలో 4.5 శాతం. ఇంతటి ఆశ ఉన్నప్పటికీ, కీమోథెరపీకి పీడీ-ఎల్1 నిరోధకమైన అవెలుమాబ్‌ను జోడించిన జావెలిన్ ఒవేరియన్ 100 పరీక్ష (2021) వ్యాధి ముదరకుండా గడిచే కాలాన్ని పెంచలేకపోయింది. సంకేతం ఏ దశలో, ఎంతకాలం నిలుస్తుందో తెలియకుండా మందులను జోడించడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చు.

శస్త్రచికిత్సకు ముందు కీమోథెరపీ పొందే రోగుల నుంచి చికిత్సకు ముందు, తరువాత కణజాలం లభించే వీలుంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి. బయాప్సీ జిల్లాలో, శస్త్రచికిత్స హైదరాబాదులో జరిగే రోగి విషయంలో, ఆ రెండు పారఫిన్ దిమ్మెలు ఒకే నమోదు సంఖ్యతో భద్రమైతేనే మందు రేపిన సంకేతాన్ని పోల్చి చూడడం సాధ్యం.