వరంగల్ జిల్లా: భూభాగం, జనాభా – మూడు లెక్కల వివరణ

వరంగల్: వరంగల్ జిల్లా జనాభా ఎంత అన్న ప్రశ్నకు వివిధ నివేదికలలో మూడు జవాబులు కనిపిస్తున్నాయి. కొన్నింటిలో 35,12,576 అని, మరికొన్నింటిలో 7,18,537 అని, ఇంకొన్నింటిలో 7,37,148 అని ఉన్నది. మూడూ 2011 జనాభా లెక్కల నుండి తీసుకున్నవే, మూడూ సరైనవే. భేదం జనాభాలో లేదు, జిల్లా హద్దులలో ఉన్నది. పాత్రికేయ మిత్రుల, వివిధ శాఖల అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

మొదటి సంఖ్య ఉమ్మడి జిల్లాకు చెందినది. 12,846 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 51 మండలాలు, వరంగల్, జనగామ, మహబూబాబాద్, నర్సంపేట, ములుగు రెవెన్యూ డివిజన్లతో కూడిన ఆ జిల్లాకు ఉత్తరాన కరీంనగర్, పడమట మెదక్, దక్షిణాన నల్గొండ, ఆగ్నేయాన ఖమ్మం జిల్లాలు ఉండేవి. ఈశాన్యాన ఏటూరునాగారం, మంగపేట మండలాల అంచున గోదావరి ప్రవహించేది. 2001లో 32,46,004గా ఉన్న జనాభా పదేళ్లలో 8.21 శాతం పెరిగి 35,12,576కు చేరింది. వీరిలో పురుషులు 17,59,281 మంది, స్త్రీలు 17,53,295 మంది. అనగా ప్రతి వెయ్యి మంది పురుషులకు 997 మంది స్త్రీలు. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 273. అక్షరాస్యత 65.11 శాతం కాగా, పురుషులలో 74.58, స్త్రీలలో 55.69 శాతంగా నమోదైంది. జిల్లా స్థితిగతులపై వెలువడే వ్యాసాలలో నేటికీ ఎక్కువగా ఉటంకించబడుతున్నవి ఈ అంకెలే. కానీ ఆ జిల్లా 2016 అక్టోబరు 11న ముగిసింది.

ఆనాటి పునర్వ్యవస్థీకరణలో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుండి ములుగు వేరైంది. ఈ జిల్లాల జనాభాను కూడితే ఉమ్మడి జిల్లా జనాభా వస్తుందని భావించడం పొరపాటు. కరీంనగర్ నుండి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, మహదేవపూర్, కాటారం తదితర మండలాలు, ఖమ్మం నుండి గార్ల, బయ్యారం, వాజేడు, వెంకటాపురం మండలాలు ఈ జిల్లాలలో చేరాయి. చేర్యాల, మద్దూరు ప్రాంతం సిద్దిపేటకు వెళ్లింది.

రెండవ సంఖ్య వరంగల్ రూరల్ జిల్లాది. 15 మండలాలు, 2,175 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 7,18,537 జనాభా. పట్టణ జనాభా పది శాతమైనా లేని ఈ జిల్లాలో సాంద్రత చదరపు కిలోమీటరుకు 330 మాత్రమే. నగరం చుట్టూ ఏర్పడిన అర్బన్ జిల్లాలో 1,309 చదరపు కిలోమీటర్లలో 10,80,858 మంది ఉండగా సాంద్రత 826 వరకు వచ్చింది.

2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హన్మకొండగాను, రూరల్ జిల్లా వరంగల్‌గాను మారాయి. ఇది కేవలం పేరు మార్పు అనుకునేవారే ఎక్కువ. నిజానికి పరకాల, నడికూడ, దామెర, ఆత్మకూరు, శాయంపేట మండలాలు హన్మకొండలో కలిశాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాకు వచ్చాయి. ఫలితంగా వరంగల్ జనాభా 7,37,148గా, హన్మకొండ జనాభా 10,62,247గా తేలింది. రెండింటి మొత్తం మార్పుకు ముందూ తరువాతా 17,99,395 మాత్రమే.

7,18,537ను, 7,37,148ను పక్కపక్కన పెట్టి చూసినవారికి జనాభా 18,611 పెరిగినట్లు తోచవచ్చు. పెరిగినది ఏమీ లేదు. అయిదు గ్రామీణ మండలాలు వెళ్లి, నగరంలోని రెండు మండలాలు వచ్చాయి. దాదాపు సమానంగా కనిపించే ఈ రెండు అంకెల వెనుక ఉన్నవి స్వభావంలో వేరువేరు జిల్లాలు. 2021కి ముందు గ్రామీణ జిల్లాకు కట్టిన తలసరి లెక్కలను, పట్టణ జనాభా నిష్పత్తిని నేటి వరంగల్‌కు వర్తింపజేస్తే అంచనాలు తప్పుతాయి.

నేటి వరంగల్ జిల్లాలో వరంగల్, నర్సంపేట రెవెన్యూ డివిజన్లు, 13 మండలాలు ఉన్నాయి. గోదావరి ఈ జిల్లాను తాకదు. ఖానాపూర్ మండలంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో నిర్మితమైన పాకాల చెరువు నుండి పుట్టే మున్నేరు కృష్ణా నదిలో కలుస్తుంది. చెరువు చుట్టూ ఉన్న అడవి మహబూబాబాద్ జిల్లాలోకి సాగుతుంది. నర్సంపేట, నల్లబెల్లి, దుగ్గొండి పరిసరాలలో వరి, పత్తి, మొక్కజొన్న, మిర్చి ప్రధాన పంటలు. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. గీసుగొండ, సంగెం మండలాల పరిధిలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. లంబాడా తండాలు ఈ ప్రాంతమంతటా ఉన్నాయి. 2018లో అనేక తండాలు గ్రామ పంచాయతీలైనందున, 2011 గ్రామాల జాబితాతో నేటి పంచాయతీల జాబితా సరిపోలదు. ఈ సంగతి క్షేత్రస్థాయి అధికారులకు తెలిసినదే అయినా పట్టికలలో తరచు మరుగున పడుతున్నది.

కోట వరంగల్ జిల్లాలో, వేయిస్తంభాల గుడి హన్మకొండ జిల్లాలో ఉన్నాయి. 2021 జులై 25న యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప దేవాలయం, మేడారం జాతర ప్రదేశం ములుగు జిల్లాలోనివి. ఇది పర్యాటక వార్తలకే పరిమితమైన విషయం కాదు. 2023 జులైలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైన లక్ష్మీదేవిపేట కూడా ములుగు జిల్లాలోనిదే. 2011 లెక్కల ప్రకారం ఆ జిల్లా జనాభా 2,94,671. వరద నష్టాన్ని ఉమ్మడి జిల్లా పేరిట 35 లక్షల మందికి పంచి చూసినప్పుడు అల్పంగా కనిపించేది, మూడు లక్షల లోపు జనాభా గల జిల్లాలో అల్పం కాదు.

వరంగల్ పేరున్న జిల్లా హద్దులు మారడం కొత్త విషయం కాదు. 1953లో ఖమ్మం జిల్లా వరంగల్ నుండే ఏర్పడినందున, 1951 లెక్కలను 1961 లెక్కలతో పోల్చేవారికి కూడా ఇదే జాగ్రత్త అవసరం. నివేదికలలో జిల్లా పేరుతోపాటు "ఉమ్మడి", "2016–2021 నాటి రూరల్", "ప్రస్తుత" అన్న విశేషణాలలో ఒకటి చేర్చడం అభిలషణీయం.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. తదుపరి జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా నిర్ణయిస్తూ కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న నోటిఫికేషన్ జారీ చేసింది. 2021 ఆగస్టు నాటి హద్దులతో ఏర్పడిన వరంగల్, హన్మకొండ జిల్లాలకు అది మొదటి జనగణన.