ధర పెరిగినా బియ్యం మారలేదు.. కరుగుతున్నది నగదే

రుద్రవరం: నల్లమల అంచున ఉన్న రుద్రవరం మండలంలో కూలిపై ఆధారపడిన కుటుంబాలు ధరలు పెరిగినపుడు మొదట కోత పెట్టేది పప్పు, నూనె, కూరగాయలకే. బియ్యం మాత్రం కొనక తప్పదు. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ధరల నుంచి ఉపశమనం అంటే ముందుగా గుర్తుకు వచ్చేది చౌక దుకాణం.

1983 ఏప్రిల్ 14న ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. తరువాతి ప్రభుత్వాల కాలంలో ఆ ధర రూ.5.25కు చేరింది. 2008 ఏప్రిల్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలకు దించింది. అదే ఏడాది ఆగస్టులో దేశంలో టోకు ధరల ద్రవ్యోల్బణం 12 శాతం దాటిందంటే ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. 2011 నవంబరులో ధర రూపాయికి తగ్గింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం పరిధిలోని కార్డుదారులకు మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు ఉచితం. పనికోసం వేరే ఊరు వెళ్లిన వారు అక్కడి దుకాణంలోనూ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

బియ్యం దాటితే అండ పలుచబడుతుంది. 2013 ఉగాదికి వచ్చిన 'అమ్మహస్తం'లో కందిపప్పు, పామాయిల్, చింతపండు సహా తొమ్మిది సరుకులు రూ.185కే ఇచ్చారు. కొన్నింటి నాణ్యతపై విమర్శలు వచ్చాయి. పథకం ఎక్కువ కాలం నిలవలేదు. 2023లో టమాటా ధర మండిపోయినపుడు ప్రభుత్వం రైతుబజార్లలో కిలో రూ.50కి అమ్మించింది. రైతుబజారు లేని పల్లెలకు ఆ మేలు అందడం కష్టమే.

ఎనిమిదేళ్లు రూ.200 దగ్గరే

నగదు సాయం సంగతి వేరు. రూ.75 ఉన్న వృద్ధాప్య పింఛను 2006లో రూ.200 అయింది. రూ.వెయ్యి కావడానికి 2014 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ నడుమ సరుకుల ధరలు ఆగలేదు. 2024 జులై నుంచి అది రూ.4 వేలు. ప్రభుత్వోద్యోగి కరవు భత్యాన్ని ధరల సూచీని బట్టి లెక్కిస్తారు. పింఛనుకు అలాంటి ముడి లేదు. పెంపు ఎక్కువగా ఎన్నికల హామీలతోనే వస్తోంది.

2024 నవంబరులో మొదలైన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయితే ప్రారంభంలో పెట్టిన నిబంధన ప్రకారం సొమ్ము ముందుగా చెల్లించాలి, తరువాత ఖాతాలో జమ అవుతుంది. రోజు కూలితో గడిచే ఇంట్లో ఆ మొత్తం ఒకేసారి సర్దడమే భారం.