మొదటి సైన్యం: ఓరుగల్లు బంటు కథ

కాకతీయుల పతనం మీద చేసిన ఎపిసోడ్ చివర్లో ఒక మాట అన్నాను, గుర్తుందా? "మా ఇంటి బేస్‌మెంట్‌లో ఓరుగల్లు సైన్యం తయారవుతోంది" అని. ఆ ఒక్క మాట మీద వచ్చినన్ని ప్రశ్నలు మాలిక్ కాఫుర్ మీద కూడా రాలేదు. బొమ్మలా, ఆటా, పిల్లాడి కోసమా, నీ కోసమా అని. ఆడియోలో టైం చాలలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక ముక్క. మాది వరంగల్. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. కొన్నేళ్ళు దుబాయ్ సైట్లు, ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలో నోవై. పగలు కాంక్రీటు, రాత్రి చరిత్ర పుస్తకాలు. ప్రొఫెసర్‌ని కాదు.

ముందు ఆట సంగతి. టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు పెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. వినడానికి కొత్తగా ఉంటుంది గానీ మనకి కొత్తేం కాదు. ఏనుగు, గుర్రం, రథం, బంటు అని నాలుగు అంగాల సైన్యాన్ని పలక మీదకి తెచ్చిన చతురంగం మన దేశంలో పుట్టిందే. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి, మ్యాపు మీద పాచికలతో ఆడే యుద్ధపు ఆటని ఆఫీసర్ల శిక్షణకి పెట్టించాడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అని పుస్తకం రాసి దాన్ని ఇంటి నేల మీదకి దింపాడు. మా నోవైకి దగ్గర్లోని యాన్ ఆర్బర్‌లో 1978లోనే 'ఒరిజిన్స్' అనే పెద్ద ఆటల మేళా జరిగింది. అంటే ఈ చుట్టుపక్కల బేస్‌మెంట్లలో ఈ పిచ్చి పాతదే.

మా వాడికి పదమూడేళ్ళు. స్కూల్ ఫ్రెండ్స్ అందరూ వార్‌హామర్ ఆడతారు, అంతరిక్షంలో కవచాలేసుకున్న సైనికుల ఆట. వీడికీ ఒక ఆర్మీ కావాలన్నాడు. బొమ్మల షాపుకి తీసుకుపోయాను. అక్కడ ఆడుతున్న ఒక పెద్దాయన, రిటైర్డ్ మనిషి, మా వాడి ముందు కూర్చుని ఓపికగా చెప్పాడు. గెలిచే సైన్యం కొనకు, రూల్స్ మారితే అది రేపు ఓడే సైన్యం అవుతుంది. ప్రతి బొమ్మకీ నువ్వే రంగు వేయాలి, కాబట్టి నీకు నచ్చిందే తీసుకో. చిన్నగా మొదలుపెట్టు. చరిత్ర ఆట అయితే ఇంకో మాట: ఎదుటి సైన్యం కూడా నువ్వే తయారుచేసుకో, లేకపోతే ఆడటానికి మనిషి దొరకడు.

కారెక్కగానే మా వాడు అడిగాడు: "డాడీ, చరిత్రలో మన ఆర్మీ ఏది?"

తేలికైన ప్రశ్న అనుకున్నా. వరంగల్ వాణ్ణి, కాకతీయులు అని చెప్పేశా. చిన్నగా మొదలుపెట్టాలి కాబట్టి డీబీఏ అనే ఆట ఎంచుకున్నాం. పూర్తి పేరు 'డె బెల్లిస్ యాంటిక్విటాటిస్', ఇంగ్లండ్‌లో ఫిల్ బార్కర్ వాళ్ళు 1990లో తెచ్చింది. సైన్యం మొత్తం పన్నెండు ముక్కలే. 15 మిల్లీమీటర్ల బొమ్మలయితే ఒక్కో ముక్క 40 మిల్లీమీటర్ల వెడల్పు బేస్. రెండడుగుల పలక చాలు. నాలుగు ముక్కలు ముందు పోగొట్టుకున్నవాడు ఓడినట్టు. గంటలో ఆట అయిపోతుంది.

జాబితాలు తెరిస్తే కాకతీయుల పేరుతో విడిగా ఏం లేదు. క్రీ.శ. 545 నుంచి 1510 దాకా, దాదాపు వెయ్యేళ్ళ రాజ్యాలన్నిటినీ 'హిందూ ఇండియన్' అని ఒకే గంపలో వేశారు. ఢిల్లీ సుల్తానుల సైన్యం వేరే జాబితాలో ఉంది. మా వాడు "అంటే మనవాళ్ళు ఇంపార్టెంట్ కాదా?" అన్నాడు. కాదు నాన్నా, రాసినాయనకి మన శాసనాలు అందుబాటులో లేవు, అది మనం నింపుకోవాలి అన్నాను. మాట బాగానే చెప్పాను గానీ అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

ఒక శనివారం తెలిసినవాళ్ళింట్లో భోజనాలు. ఇక్కడ మనవాళ్ళు కలిస్తే మొదట "మీరే కంపెనీ?" అంటారు, తర్వాత "మీదే ఊరు?" అంటారు, మూడో ప్రశ్న అడక్కుండానే ఇంటిపేరుతో తేల్చుకుంటారు. మా వాడు ఉత్సాహంగా తన సైన్యం గురించి చెప్పాడు. ఒకాయన వెంటనే "కాకతీయులా? వాళ్ళు మావాళ్ళే" అన్నాడు. పక్కనాయన "ఎవరు చెప్పారు? మావాళ్ళు" అన్నాడు. నవ్వుతూ మొదలైంది, అరగంటకి గొంతులు లేచాయి. రాత్రి ఇంటికొచ్చాక మా వాడు రంగు డబ్బా మూత తిప్పుతూ మెల్లగా అడిగాడు: "అంకుల్స్ ఇద్దరూ మావాళ్ళే అన్నారు. నువ్వేం అనలేదు. మనం ఆ ఆర్మీలో లేమా?"

మా తాతలు మట్టి తవ్వినోళ్ళు, బండ కొట్టినోళ్ళు. మా బాపు చెరువు కట్టల మీద పని చేశాడు. ఏ రాజూ మావాడని చెప్పే కథ మా ఇంట్లో లేదు. ఆ రాత్రి వాడికి జవాబు చెప్పలేకపోయాను. అందుకే చదవడం మొదలుపెట్టా. ఎపిసోడ్ కూడా అక్కడ్నుంచే పుట్టింది.

చదివితే తెలిసిందేంటంటే, ఆ ఇద్దరు పెద్దమనుషుల తగువు శాసనాలు చూస్తే తెగదు. కాకతీయులది సూర్యవంశం అనే శాసనాలు ఉన్నాయి, నాలుగో వర్ణం అని చెప్పేవీ ఉన్నాయి. ఎక్కువ శాసనాలు ఆ ఊసే ఎత్తవు. కాకతీయుల కాలపు శాసనాలని వందల లెక్కన పరిశీలించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఇంకో సంగతి చూపించారు. ఆనాటి మనుషుల పేర్ల వెనక బంటు, లెంక, నాయక, రెడ్డి, బోయ, సెట్టి లాంటి మాటలుంటాయి గదా, అవి అప్పట్లో పుట్టుకతో బిగిసిపోయినవి కావు. తండ్రికి ఒకటి, కొడుకుకి ఇంకొకటి ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. చేసే పని, ఎక్కిన మెట్టు బట్టి మాట మారేది. బంటు అంటే కాలిబంటు. లెంక అంటే ప్రభువుకి ప్రాణం ఇస్తానని ఒట్టు పెట్టుకున్న నమ్మిన మనిషి. నాయకుడికి రాజు కొన్ని ఊళ్ళ ఆదాయం ఇస్తాడు, బదులుగా అతను సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు తేవాలి. దాన్నే నాయంకరం అన్నారు. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో ఇది బాగా కనిపిస్తుంది.

ఇక ఆ సైన్యంలో ఎవరున్నారో చూడండి. కాయస్థ గంగయ సాహిణి వంశం పడమటి నుంచి వచ్చిందంటారు, గణపతిదేవుడి కొలువులో చేరి ఎదిగింది. ఏనుగుల దళం చూసిన జాయప సేనాని నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాశాడు. సేనాపతి రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో గుడి కట్టించాడు, అదే మన రామప్ప. సైట్ సూపర్‌వైజర్‌గా నేను ఆ గుడి పునాది గురించి ఒక ఎపిసోడ్ మొత్తం మాట్లాడగలను, ఇప్పుడొద్దు.

'మావాళ్ళు' అనే కథలు చాలావరకు తర్వాతి కాలానివి. కోట పడిపోయిన చాలాకాలానికి ఏకామ్రనాథుడు రాసిన 'ప్రతాపరుద్ర చరిత్ర'లో ఓరుగల్లుకి 77 బురుజులు, వాటికి 77 మంది పద్మనాయకులు కాపలా. ఇవాళ రాతి కోట గోడ చుట్టూ తిరిగి లెక్కపెడితే 45 బురుజులు. కథ రాసినాయన అబద్ధమాడాడని నేననను. ఆయన కాలంలో ఎవరికి ఆ గతం కావాలో వాళ్ళకి సరిపడా లెక్క అది. మా భోజనాల దగ్గర జరిగిందీ అదే పనే.

బురుజుల మాట వచ్చింది కాబట్టి గోడల గురించి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి గోడని రుద్రమ ఎత్తు పెంచింది, దాని బయట మట్టి గోడ, దాని ముందు వెడల్పాటి కందకం. రాతి గోడలో పెద్ద పెద్ద గ్రానైట్ బండలు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో, ఢిల్లీ ఆస్థాన కవి, శత్రుపక్షం మనిషి, ఆ మట్టి గోడ గట్టిదనం చూసి ఆశ్చర్యపోయాడు. యంత్రాలతో విసిరిన రాళ్ళు పిల్లలు ఆడుకునే కాయల్లాగా ఎగిరి వెనక్కి పడేవట. నేను రోజూ చేసే పని ఇదే. స్లాబు పోసేముందు మట్టిని పొరలు పొరలుగా వేసి, రోలర్ తిప్పి, ప్రాక్టర్ టెస్టుకి 95 శాతం గట్టిదనం వచ్చిందో లేదో చూస్తాం. రాకపోతే మళ్ళీ తవ్వుతాం. రాళ్ళు తిరగ్గొట్టే మట్టి గోడ కట్టాలంటే ఎంతమంది, ఎన్ని రోజులు తొక్కారో, కొట్టారో నాకు ఊహకి అందుతుంది. ఆ పనివాళ్ళ పేర్లు మనకి దొరకలేదు. కానీ ఆ సైన్యం పదమూడేళ్ళ పాటు ఢిల్లీకి లొంగీ లొంగకుండా నిలబడిందంటే అందులో వాళ్ళ చెమట ఉంది. మా వాడి ప్రశ్నకి మొదటి జవాబు అది: ఉన్నాం రా, గోడలో ఉన్నాం.

వాడు ఊరుకోలేదు. "కానీ ఈ ఆర్మీ ఓడిపోయింది కదా?" అన్నాడు. ఓడింది, నిజమే. 1303లో ఢిల్లీ పంపిన మొదటి సైన్యం ఓడి వెనక్కి పోయింది. 1310లో మట్టి కోట పోయి, రాతి కోట నిలిచి ఉండగానే ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. 1318లో ఖుస్రో ఖాన్ వచ్చాడు, మళ్ళీ కప్పం. ఆ తర్వాత ఉలుగ్ ఖాన్ ముట్టడి వేశాడు. శిబిరంలో సుల్తాన్ చనిపోయాడని పుకారు పుట్టి, సైన్యం చెదిరి, దేవగిరికి వెనక్కి తగ్గాడు. కొన్ని నెలల్లోనే తిరిగొచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. ఐదుసార్లు వస్తే ఐదోసారి పడిన కోట. పన్నెండు ముక్కల ఆటలో ఎవడైనా ఇలా ఐదు రౌండ్లు నిలబడితే మేం చప్పట్లు కొడతాం.

పెద్దాయన సలహా ప్రకారం ఢిల్లీ సైన్యం కూడా తయారుచేస్తున్నాం. దానికి మా వాడే రంగులు వేస్తున్నాడు. ఎదుటివాడి గుర్రానికి కూడా అంతే శ్రద్ధగా కళ్ళు దిద్దుతుంటే, వాడు ఇంక 'మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు' అని అడగడం మానేశాడు. ఖుస్రో రాయకపోతే మన మట్టి గోడ ఎంత గట్టిదో మనకి ఎట్ల తెలిసేది?

చివరగా, అసలు చెప్పాలనుకున్నది. మొదటి బొమ్మ ఎవరిది వేయాలి? మా వాడు రుద్రమదేవి అన్నాడు. సరే, సేనాధిపతి ముక్క ఆమెదే. కానీ ఆమె ఎప్పుడు చనిపోయిందో మనకి ఎలా తెలుసు? నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాయి ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చానని చెప్తుంది. కాయస్థ అంబదేవుడితో పోరులో పోయారని చరిత్రకారులు అనుకుంటారు. అంబదేవుడంటే గంగయ సాహిణి వంశం వాడే, సొంత కొలువులో ఎదిగి తిరగబడ్డవాడు. ఆ రాయి వేయించింది రాజు కాదు, కొడుకులు కాదు. పువ్వుల ముమ్మడి అని, మల్లికార్జున నాయకుడి సేవకుడు. తన ప్రభువూ రాణీ పోతే, తన చేతిలో ఉన్నంత భూమి ఇచ్చి, పేరు రాయించాడు. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఒక మహారాణి మరణం మనకి తెలిసింది అతని వల్ల.

అతను ఏ కులమో మాకు అక్కర్లేకపోయింది. మా వాడు చాలాసేపు ఆ బొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. అతను ఎలా ఉండేవాడో మనకి తెలీదు, రంగులూ తెలీవు. పంచె తెల్లగా, డాలు ఎర్రమన్ను రంగులో వేశాం. మా ఇంట్లో అతన్ని బంటు అనే పిలుస్తున్నాం. బేస్ మీద నోవైలో మా పెరటి మట్టి జల్లి, జిగురు పెట్టి అతికించాడు.

"ఇదే మన ఆర్మీ, డాడీ" అన్నాడు. నేను కాదనలేదు.

మొదటి సైన్యం ఏది తీసుకోవాలని అడిగినవాళ్ళకి నా జవాబు ఇంతే. ఎవరు గెలిచారో, ఎవరు 'మావాళ్ళో' పక్కన పెట్టండి. అందులో ఒక మామూలు మనిషి పేరు మీకు తెలిసే సైన్యం తీసుకోండి. మీ ఊరి గుడి దగ్గర, చెరువు కట్ట మీద ఒక శాసనం ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు చదివించుకోండి. ఎవరి పేరు దొరికిందో మాకు రాయండి, ఎపిసోడ్‌లో చదువుతాం.