చిన్న చీటి – పెద్ద పూచీ: లేబులు ముద్రణ వృత్తి చరిత్ర

అచ్చుయంత్రపు చరిత్ర యనగానే మనకు గ్రంథములు, పత్రికలు స్ఫురించుట సహజము. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ చరిత్రను తలచుకొనుట ఉచితము కూడ. కాని అచ్చు అంతయు పుస్తకమై బీరువాలో చేరలేదు. అందులో ఒక పెద్ద భాగము అగ్గిపెట్టె మీదను, మందుసీసా మీదను, విత్తనపు సంచి మీదను అంటుకొని, పుస్తకము చొరని ఇండ్లలోనికి సైతము వెళ్ళినది. చదువు రానివాని చేతికి మొదట అందిన అచ్చుకాగితము చాలచోట్ల లేబులే. దానిని చూచి సరకు కొన్నవారు కోట్లమంది. దానిని అచ్చువేసినవాని ఊసెత్తినవారు అరుదు. ఆ వృత్తి చరిత్రను సంగ్రహముగా చెప్పి, అది నేడు అచ్చంపేట ప్రాంతపు ప్రత్తి, మిరప రైతుల బ్రతుకుతో ఎట్లు ముడివడి యున్నదో చూపుట ఈ వ్యాసపు ఉద్దేశము.

బట్టల తానులపై బొమ్మలు

ఒకనాడు మచిలీపట్నపు రేవు నుండి అద్దకపు బట్టలను దేశదేశములకు పంపిన తెలుగునాడు, 19వ శతాబ్దము వచ్చుసరికి ఇంగ్లండు మిల్లుబట్టను కొనవలసిన స్థితికి వచ్చినది. మాంచెస్టరు వర్తకులు మన దేశమునకు పంపు తానులపై రంగుల బొమ్మగల కాగితమునొకదానిని అంటించుచుండిరి. వారు దానిని టిక్కెట్టు అనెడివారు. దానిపై మన దేవతామూర్తులు, రాజులు, ఏనుగులు, పులులు, నెమళ్ళు ఉండెడివి. మన దేవుళ్ళను వారు అచ్చువేసినది భక్తిచే కాదు, వర్తకపు తెలివిచే. కొనువానికి ఆంగ్లము రాదు. పెక్కుమందికి ఏ లిపియు రాదు. కంపెనీ పేరు వారి నోటికి పలుకదు. ఏనుగు బొమ్మ తాను కావలెనని మాత్రము అడుగగలరు. ఒకసారి కొన్న బట్ట గట్టిగా నిలిచినచో మరుసటి యేడు ఆ బొమ్మనే వెదకుదురు. ఈ విధముగా బొమ్మయే వర్తకుని సంతకమైనది.

సంతకము విలువైనదైనపుడు దానిని దొంగిలించువారును బయలుదేరుదురు. అందుచే 1875లో ఇంగ్లండున వర్తక చిహ్నముల నమోదుకు చట్టము చేయబడెను. నూలుబట్టల గుర్తులు లెక్కకు మించి యుండుటచే వానికొరకు మాంచెస్టరులోనే ప్రత్యేక కార్యాలయము నెలకొల్పబడెను. లేబులు కేవలము అలంకారము కాదనియు, కొనువానికి అమ్మువాడు వ్రాసియిచ్చిన మాట యనియు ఆనాడే తేలినది.

రాతి అచ్చు

ఈ రంగుల బొమ్మలకు ఆధారము శిలాముద్రణము. 1796 ప్రాంతమున జర్మనీలోని బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనునతడు దీనిని కనిపెట్టెను. నున్నని సున్నపురాతిపై జిడ్డు సిరాతో బొమ్మ వ్రాసి, రాతిని నీటితో తడుపుదురు. జిడ్డున్నచోట నీరు నిలువదు. తరువాత సిరా పూసినచో తడిగానున్నచోట సిరా అంటదు. నూనెకును నీటికిని గల వైరమే ఈ విద్యకు మూలము. మన పల్నాటి నాపరాయి కూడ సున్నపురాతి జాతిదే. అయితే అచ్చుపనికి మచ్చయు, చారయు లేని మిక్కిలి సన్నని రాయి వలయును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. అయిదు రంగుల బొమ్మకు కాగితము అయిదు మారులు యంత్రమునకు పోవలెను. ఏ మారైనను వెండ్రుకవాసి జరిగినచో దేవుని పెదవి బుగ్గమీదికి వచ్చును. 1894లో బొంబాయిలో రవివర్మ స్థాపించిన ముద్రణాలయము ఈ పద్ధతితోనే దేవతల పటములను సామాన్యుల గోడల మీదికి తెచ్చినది.

దక్షిణ దేశమున లేబులు ముద్రణకు రాజధాని అనదగినది శివకాశి. 1922లో ఆ యూరివారైన అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరు యువకులు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చి వచ్చి, స్వగ్రామమున ఆ పరిశ్రమను నెలకొల్పిరి. అగ్గిపెట్టెకు లేబులు లేనిదే అమ్మకము లేదు. ఆ లేబుళ్ళ అవసరమే ఆ యూర ముద్రణ పరిశ్రమకు బీజమైనది. లేబులు కొరకు పుట్టిన అచ్చుకూటములు క్రమముగా క్యాలెండర్లకు, డైరీలకు, నోటుపుస్తకములకు విస్తరించినవి. మన ఇండ్ల గోడలకు వ్రేలాడు తెలుగు క్యాలెండర్లలో పెక్కింటికి అదియే పుట్టినిల్లు.

లేబులు పెట్టిన అన్నము

తెలుగువారిలో లేబులు విలువ నెరిగిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పి మందులు దేశమున అంతకుముందును ఉండెను. అయినను ఊరూర ఒకే రంగు, ఒకే పేరు, ఒకే తీరున కనబడు చిన్న సీసా ప్రజల నమ్మకమును చూరగొన్నది. ఆ రాబడితో పంతులుగారు ఏమి చేసిరో గ్రంథాలయ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో మద్రాసు నుండి దానిని దినపత్రికగా నడిపిరి. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి గ్రంథములను సులభమైన వెలకు అందించిరి. గ్రంథాలయోద్యమమునకు చేయూత నిచ్చిరి. సీసా మీది చీటి సంపాదించిన నమ్మకము తెలుగు పుస్తకమునకు అన్నము పెట్టినదన్నచో అతిశయోక్తి కాదు.

ట్రెడిల్ యంత్రపు లెక్కలు

పెద్ద ముద్రణాలయముల మాట యట్లుండగా, 20వ శతాబ్దమున మన తాలూకా కేంద్రములందు వెలసిన చిన్న అచ్చుకూటముల కథ వేరు. ఒక గది, కాలితో త్రొక్కు ట్రెడిల్ యంత్రము ఒకటి, సీసపు అక్షరముల పెట్టెలు, కాగితము కోయు మిషను ఒకటి, మనుషులు ముగ్గురు నలుగురు. పెండ్లి శుభలేఖలు ముహూర్తముల కాలముననే వచ్చును. కరపత్రములు ఎన్నికలకును, తిరునాళ్ళకును వచ్చును. ఏడు పొడుగున పని కల్పించునవి రశీదు పుస్తకములును, లేబుళ్ళును. సున్నిపిండి, సాంబ్రాణి కడ్డీలు, సోడా, బీడీకట్టలు, నశ్యము, ఆయుర్వేద తైలములు మొదలగు సరకులు చేయు చిన్న వర్తకులే వీరికి ఖాతాదారులు.

ఆ పనిలో లెక్క ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడుడు. డెమ్మీ కాగితము పదిహేడున్నర అంగుళముల వెడల్పు, ఇరువదిరెండున్నర అంగుళముల పొడవు కలది. ట్రెడిల్‌కు పట్టునట్లు దానిని నాలుగు ముక్కలు చేసినచో, ఒక్కొక్క ముక్కలో 3 అంగుళముల పొడవు, 2 అంగుళముల వెడల్పు గల లేబుళ్ళు 12 పట్టును. అనగా ఒక తావుకు 48. 500 తావుల రీమునకు 24,000. బొమ్మ బ్లాకు ఒక్కటే యున్నచో యంత్రమును 24,000 మారులు త్రొక్కవలెను. గంటకు వేయి చొప్పున త్రొక్కినను, దినమునకు 8 గంటల లెక్కన మూడు దినముల పని. అదే బ్లాకులు 12 చేయించి ఒక్క చట్రములో బిగించినచో రెండు గంటలలో తీరును. కాని బ్లాకుల ఖర్చు ముందుగా పెట్టవలెను. ఆ వర్తకుడు మరల వచ్చుననెడు నమ్మకము ఉండవలెను. రెండవ రంగు వేసినచో త్రొక్కుడు రెట్టింపగును. నూటికి అయిదు కాగితములు చెడినచో 1,200 లేబుళ్ళు పోవును. లాభమంతయు ఆ చెడిన కాగితములలోనే కరగిపోవచ్చును. చిన్న అచ్చుకూటము నిలుచుటకు గాని మూతపడుటకు గాని కారణము సాధారణముగా ఇట్టి చిన్న లెక్కలే.

డబ్బు లెక్కతోబాటు మరియొక లెక్క కూడ కలదు. 24,000 లేబుళ్ళు అడిగినవానికి 24,000 మాత్రమే పోవలెను. మిగిలినవి, చెడినవి ఏమైనవి? చిత్తుకాగితములతోబాటు బయటికి పోయిన మంచి లేబులు రేపు ఏ కల్తీ సీసాకు అంటుకొనునో ఎవరెరుగుదురు? అందుచే మిగులును లెక్కించి కాల్చివేయుట, బ్లాకును యజమానికి అప్పగించి సంతకము తీసికొనుట, ప్రతి పనికి ఒక నమూనాను తేదీతో పుస్తకమున అంటించుకొనుట ఈ వృత్తిలో కట్టుబాట్లు కావలసినవి.

చట్టము కన్ను

ప్రభుత్వములు ఈ సంగతిని ముందే గ్రహించినవి. 1867 నాటి ముద్రణాలయముల చట్టము అచ్చువేసిన పుస్తకములపైనను, కాగితములపైనను ముద్రాపకుని పేరు, ఊరు ఉండవలెనని శాసించెను. 2023లో ఆమోదము పొంది 2024 మార్చి 1న అమలునకు వచ్చిన కొత్త చట్టము దాని స్థానము నాక్రమించినది. సరకుల గుర్తుల విషయమున 1889లో ఒక చట్టము వచ్చెను. వర్తక చిహ్నములను నమోదు చేయు పద్ధతి మన దేశమున 1940 చట్టముతో ఏర్పడెను. ఆ రెంటిని కలిపి 1958లో ఒక చట్టము చేసిరి. నేడు అమలులో నున్నది 1999 చట్టము. దాని ప్రకారము నకిలీ గుర్తు అంటించినవాడే కాదు, ఆ నకిలీ కొరకు బ్లాకు గాని, ప్లేటు గాని, యంత్రము గాని చేసినవాడును, దగ్గర నుంచుకొన్నవాడును నేరస్థుడే. శిక్ష ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్ల వరకు ఖైదు, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జుల్మానా. తెచ్చిన బొమ్మను అచ్చువేసి యిచ్చుటయే తన పని, తక్కినది తనకు తెలియదు అను మాట ముద్రాపకుని అన్నివేళల కాపాడదు.

మన పొలములలో లేబులు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన అచ్చంపేట మండలమునకు ఈ చరిత్ర దూరపు ముచ్చట కాదు. ప్రత్తి, మిరప పండించు రైతు తొలకరికి ముందు చేయు మొదటి పని విత్తనము కొనుట. గింజను చూచి దాని జాతిని చెప్పుట ఎంతటి అనుభవశాలికైనను కష్టము. అతడు నమ్మునది సంచికి కట్టిన చీటినే.

1966 విత్తనముల చట్టమును, 1968 నియమములను అనుసరించి ఆ చీటికి రంగులు నిర్ణయింపబడినవి. ప్రజనక విత్తనమునకు బంగారు పసుపు, మూల విత్తనమునకు తెలుపు, ధ్రువీకృత విత్తనమునకు నీలము, ఉత్పత్తిదారుడే తన పూచీపై అమ్ము విత్తనమునకు ఆకుపచ్చ. చీటిపై పంట, రకము, లాటు సంఖ్య, మొలకశాతము, పరీక్షించిన తేది, చెల్లుబాటు గడువు ఉండవలెను. ధ్రువీకృత విత్తనమున వరికి నూటికి 80, మిరపకు నూటికి 60 గింజలైనను మొలకెత్తవలెనని ప్రమాణము.

పురుగుమందుల విషయము మరింత తీవ్రమైనది. 1971 నియమముల ప్రకారము ప్రతి డబ్బా మీద మూలపై నిలిచిన చతురస్రము ఒకటి యుండును. దాని క్రింది సగమున ఎరుపు ఉన్నచో ఆ మందు అత్యంత విషపూరితము, పసుపు అధిక విషము, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ యున్నంత మాత్రమున హాని లేదని కాదు. మాంచెస్టరు తానుపై ఏనుగు ఎందులకు ఉండెనో ఈ చతురస్రమున రంగు అందులకే యున్నది. అక్షరము చదువలేని కూలికి సైతము అది తెలియవలెను. ఇచ్చట రంగు అలంకారము కాదు, అదియే అర్థము. సిరా చాలక ఎరుపు నారింజగా వెలసినను, ప్లేటు తారుమారై నీలము పడినను చెడునది కాగితము ఒక్కటే కాదు.

నకిలీ లేబులు గల విత్తనము వలన రైతు కోల్పోవునది సంచి వెల ఒక్కటే కాదు. దుక్కి, ఎరువు, కూలి, కౌలు, అన్నిటినిమించి ఆ యేటి అదను పోవును. కోర్టు నష్టపరిహారము నిప్పించిననాటికి ఆ అదను తిరిగి రాదు. ఆ మోసమున గింజ నమ్మినవాడు ఒకడు. దానికి ముఖము తొడిగినవాడు ముద్రాపకుడు. అతడు కాదన్నచో ఆ మోసము సంచిలోనే ఆగిపోయెడిది.

నేటి వృత్తి

20వ శతాబ్దపు చివరి దశాబ్దములలో ఆఫ్‌సెట్టు, కంప్యూటరు వచ్చి సీసపు అక్షరములను పెట్టెలలోనే నిద్రపుచ్చినవి. 1935లో అమెరికాలో స్టాంటన్ ఎవరీ అనునతడు ప్రారంభించిన స్వయముగా అంటుకొను లేబులు, పిండిజిగురు గిన్నెను మూలకు నెట్టినది. నేడు బల్లమీద పట్టు యంత్రముతో వంద లేబుళ్ళైనను అచ్చువేయవచ్చును. పచ్చళ్ళు, కారము, పొడులు చేసి అమ్ముకొను మన మహిళా సంఘములకు ఇది గొప్ప వసతి. అయితే సరకును మూటగట్టి అమ్మినచో తయారీదారుని పేరు, చిరునామా, నికర తూకము, నెల, సంవత్సరము, గరిష్ఠ ధర చీటిపై ఉండవలెనని 2011 నియమములు చెప్పుచున్నవి. ఆహారపదార్థమైనచో ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్యయు వలయును. గుంటూరు సన్నం అను పేరు భౌగోళిక గుర్తింపు పొందినది గావున ప్రతి యెర్రకారపు మూటకు ఆ పేరు తగిలింపరాదు. ఈ నియమములు తెలిసిన ముద్రాపకుడు ఖాతాదారునకు సలహాదారు కూడ కాగలడు. చిన్న ఊరిలో చిన్న అచ్చుకూటము నిలుచుటకు అదియే మార్గము. వెలలో పెద్ద పట్టణములతో పోటీపడుట అతనికి కష్టము; ఎదుటివానిని ఎరిగియుండుటలో మాత్రము వారు అతనికి సాటిరారు. ఎవరి సరకో, ఎవరి గుర్తో అడిగి తెలిసికొన్న పిదపనే అచ్చువేయు అవకాశము ఊరివానికే కలదు.

ఈ సందర్భమున మన గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. ఇండ్లలో మూలబడిన పాత అగ్గిపెట్టెల, మందుసీసాల, తానుల లేబుళ్ళను సేకరించి ఒక పుస్తకమున భద్రపరచినచో అది మన ప్రాంతపు వర్తక చరిత్రకు ఆధారమగును. తొలకరికి ముందు ఒక సాయంత్రము విత్తనపు చీటిని, పురుగుమందు గుర్తును ఎట్లు చదువవలెనో రైతులకు తెలిపినచో ఇంకను మేలు. మహాభారతము చదువుట నేర్పిన గ్రంథాలయము సంచి మీది చీటిని చదువుట కూడ నేర్పవలెను. గడచిన ఇరువదియైదేండ్లుగా ఊరికి అక్షరము నందించిన ఈ సంస్థ, ఆ యక్షరము రైతును పొలములోను కాపాడునట్లు చేయునని ఆశించుచున్నాను.