ఊలు సూదులు - లేసు సూది

యీ ఉగాది సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాసి యిమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజులను గురించి గాని శాసనాలను గురించి గాని వ్రాసే పాండిత్యం మాకు లేదని ముందే మనవి చేసుకున్నాము. మెట్రిక్యులేషను చదివి రైల్వే పార్సిలు ఆఫీసులో లెక్కలు వ్రాసుకునే వారము మేము. అయినా మా యింట్లో రెండు జాతుల సూదులున్నవి. ఒకటి ఊలు అల్లే జంటసూదులు. రెండవది చివర కొక్కెం వున్న ఒంటి లేసు సూది. మొదటిది తీరిక కోసం, రెండవది తిండి కోసం మా యింటికి వచ్చినవి. వాటి చరిత్రే వ్రాద్దామనిపించింది.

నాగపూరులో పుష్యమాసపు చలి యేపాటిదో మన వారికి చెప్పనక్కరలేదు. గోదావరి జిల్లానుంచి కోడలుగా వచ్చిన మా అమ్మ మొదటి శీతకాలం దుప్పటి కప్పుకునే వంట చేసిందట. పక్క క్వార్టరులోని మరాఠీ ఆవిడ జాలిపడి, రెండు సూదులు చేతిలో పెట్టి, ఊలు అల్లడం నేర్పింది. నాన్నగారి రాత్రి డ్యూటీకి మఫ్లరుతో మొదలైన పని యిప్పుడు మా పిల్లల టోపీలదాకా వచ్చింది. సాయంకాలం మెట్లమీద నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే, ఒకరి స్వెట్టరు ఒకరు ఒళ్లోకి తీసుకుని చూడడం, తప్పుపోయిన వరుస విప్పించడం, కొత్త డిజైను నేర్పడం, ఆ సందడే వేరు. ఆ కాసేపూ అద్దెగాని, బదిలీగాని, అత్తగారిగాని తలపుకు రావని అమ్మ అంటుంది. (మా నాయనమ్మ వింటూ వుండగానే అనేది.)

యీ జంటసూదుల అల్లిక మన దేశంలో పుట్టినది కాదు. దొరికినవాటిలో బాగా పాతవి ఈజిప్టు యిసుకలో బయటపడిన నూలు మేజోళ్లు. నీలమూ తెలుపూ కలిపి అల్లిన యీ మేజోళ్లు సుమారు 11వ శతాబ్దికీ 14వ శతాబ్దికీ మధ్యవి. అంతకన్న చాలా ముందటి, క్రీస్తుశకం 4వ శతాబ్ది ప్రాంతపు ఉన్ని మేజోళ్లు కూడా అక్కడ దొరికినవి గాని, అవి కుట్టుసూదిలాంటి ఒంటిసూదితో చేసినవి. ఆ పని వేరు. ఐరోపాకు చేరిన తర్వాత యిది పెద్ద వృత్తి అయింది. చేతితో మేజోళ్లు అల్లి అమ్ముకుని బ్రతికిన కుటుంబాలు ఇంగ్లండులో వేలకొద్దీ వుండేవి.

1589లో ఇంగ్లండులోని కాల్వర్టన్ గ్రామానికి చెందిన విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే యంత్రం కనిపెట్టినాడు. బీదల నోటిదగ్గర కూడు పోతుందని ఎలిజబెత్తు రాణి దానికి హక్కుపత్రం యివ్వలేదని ఒక కథ కలదు. ఆయన ఫ్రాన్సు వెళ్లి అక్కడే పోయినాడు గాని యంత్రం పోలేదు. రెండు వందల యేళ్లలో అది ఊళ్లకు ఊళ్లే ఆక్రమించింది. 1811లో నాటింగ్‌హాము ప్రాంతంలో, కూలి తగ్గించారని కడుపు మండి పనివారే యంత్రాలు పగలగొట్టినారు. యంత్రంతో పోటీపడి చేతి అల్లికకు కూలి గిట్టలేదు. చేతి అల్లిక క్రమంగా కలిగిన యిళ్ల స్త్రీల కాలక్షేపంగా మారింది. 19వ శతాబ్దిలో దానికి నమూనాల పుస్తకాలు అచ్చయినవి, దొరసానుల వెంట, మిషను బడుల వెంట మన దేశానికీ వచ్చింది.

లేసు సూది సంగతి యిందుకు తలకిందులు. క్రోషే అనే యీ అల్లికలో ఎప్పుడూ సూదిమీద వుండేది సాధారణంగా ఒక్క మెలికే. జంటసూదుల పనిలో వరుస అంతా సూదిమీదే వుంటుంది. సూది జారితే గంట పని పోవచ్చును. క్రోషేలో పసివాడు యేడ్చినా, పాలు పొంగినా అల్లిక ఎక్కడిదక్కడ పడవేసి లేవవచ్చును. సౌకర్యమే గదా అనుకుంటాము. కాని ఆ సౌకర్యమే దానిని యిల్లాలి మెడకు కట్టింది. పైగా అచ్చమైన క్రోషేను పెద్ద ఎత్తున అల్లే యంత్రం వాడుకలోకి రాలేదు. కనుక లోకానికి అది కావలసి వచ్చినప్పుడల్లా తక్కువ కూలికి దొరికే చేతులను వెతుక్కుంటూ వెళ్లింది. 1845 మొదలు ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి కన్యాశ్రమాలవారు పేద ఆడపిల్లలకు యీ పని నేర్పి, ఆ లేసును లండను, పారిస్ నగరాల కలవారి స్త్రీలకు అమ్మించినారు.

యించుమించు ఆ రోజులలోనే మన గోదావరి ఒడ్డుకూ యిది చేరింది. 1844 ప్రాంతంలో స్కాట్లండునుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురంలో నేర్పినారని అక్కడి వారు చెప్పుకుంటారు. నరసాపురం చిన్న ఊరు కాదు. పక్కనున్న పాలకొల్లులో 17వ శతాబ్దిలోనే డచ్చివారు వర్తకస్థావరం పెట్టుకున్నారు. ఆ తీరాన మన చేనేత బట్టలు ఓడలెక్కేవి. అలాంటి చోట చేనేత ఎగుమతి అడుగంటిన తరువాత లేసు ఓడలెక్కింది. మొదట క్రైస్తవం పుచ్చుకున్న పేద యిళ్ల స్త్రీలు నేర్చుకున్నారు. తరువాత, గడప దాటరాదనే ఘోషా ఆచారమున్న రైతు యిళ్లకూ పాకింది. పొలంపనికి పోతే పరువుతక్కువ. అరుగుమీద కూర్చుని అల్లుకుంటే ఎవరికీ తప్పుగా తోచలేదు.

మా అమ్మమ్మ ఆ అరుగులమీదనే నలభై యేళ్లు అల్లింది. ఏజెంటు మనిషి దారం తూచి యిచ్చేవాడు, పువ్వులు లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. ఎంత దారం అల్లితే అంత కూలి. ఒకరు పువ్వులు అల్లితే, వాటిని జతచేసే అతుకుపని యింకో ఊరిలో యింకొకరు చేసేవారు. బల్లగుడ్డగా పూర్తయిన లేసును అమ్మమ్మ తన జన్మలో చూడలేదు.

1977-78 ప్రాంతంలో మరియా మీస్ అనే జర్మనీ దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు నరసాపురం వచ్చి యీ స్త్రీల బ్రతుకు పరిశీలించింది. ఆమె పుస్తకం 1982లో లండనులో అచ్చయింది. యింటిపని కాక రోజుకు ఆరేడు గంటలు, ఎనిమిది గంటలు అల్లినా వారికి దక్కినది రూపాయిలోపేనని ఆమె లెక్క తేల్చింది. వ్యాపారులూ, యింటి మగవారూ కూడా దీనిని పని అనేవారు కారు. ఆడవాళ్లు తీరికవేళ చేసుకునే కాలక్షేపమనేవారు. సర్కారు లెక్కలలోనూ వీరిలో చాలామంది పనివారుగా యెక్కలేదు. గోదావరి జిల్లాల లేసు విదేశాలకు పోయి డబ్బు తెచ్చిందని పత్రికలలో మనం చదివినదే. అల్లినవారు గృహిణులుగానే మిగిలిపోయినారు. నాటింగ్‌హాములో కూలి పోయి కాలక్షేపం మిగిలింది. నరసాపురంలో కాలక్షేపమనే పేరు పెట్టి కూలి తగ్గించినారు. యీ రెండవది మాకు మరీ అన్యాయంగా తోస్తున్నది.

పార్సిలు ఆఫీసులో రసీదు వ్రాసేటప్పుడు పంపేవారి పేరుకు ఒక గడి, అందుకునేవారి పేరుకు ఒక గడి వుంటాయి. చేసినవారి పేరుకు గడి లేదు. లూధియానా ఊలు మూటలు లెక్కపెట్టేటప్పుడు ఎన్నడూ మాకు యీ ఆలోచన రాలేదు. అమ్మమ్మను గురించి వ్రాయబోతుండగా వచ్చింది.

యంత్రాలమీద తయారయ్యే చైనా లేసు చవకగా వచ్చి పడినతరువాత నరసాపురం పని బాగా దెబ్బతిన్నది. దగ్గరలోని సీతారాంపురంలో స్త్రీల సహకార సంఘాల కోసం లేసు పార్కు వెలిసింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు రక్షణ కలిగినందుకు సంతోషమే. పువ్వుకు యింత అని అల్లేవారికి ముట్టే కూలి పెరిగితే మా సంతోషం యింకా పెరుగుతుంది.

అమ్మమ్మ అల్లినవాటిలో మచ్చ పడిందనో, కొలత తప్పిందనో ఏజెంటు తిరగగొట్టిన పువ్వులు కొన్ని వుండేవి. వాటి దారం ఖరీదు ఆమె కూలిలోనే విరగ్గోసేవాడు. అవన్నీ ఆమె ఒక బిస్కట్ల డబ్బాలో దాచింది. ఒకసారి పండుగకు వెళ్లినప్పుడు అమ్మ ఆ డబ్బా నాగపూరు తెచ్చుకుంది. రెండు శీతకాలాలు ఊలు పక్కనబెట్టి, అతుకుపని తనంతట తానే నేర్చుకుని, వాటిని ఒక బల్లగుడ్డగా జతచేసింది. మరుసటి సంక్రాంతికి తీసుకువెళ్లి ఒళ్లో పరిస్తే అమ్మమ్మ ముందు తిరగవేసి వెనుకవైపు ముడులు చూసిందట. తరువాత, "యివన్నీ నావేనా?" అని అడిగిందట. ఒక్కొక్క పువ్వునూ వేలితో తడుముతూ, యిది పెద్దవాడికి జ్వరం వచ్చినప్పటిది, యిది గాలివాన యేటిది, అని చెప్పుకుంటూ పోయిందట.

యీ ఉగాదికి మన హాలులో స్త్రీల చేతిపనులు పెడుతున్నారు గనుక, మెట్లమీది నేస్తాల స్వెట్టర్ల పక్కన ఆ గుడ్డనూ పరుస్తున్నాము. అమ్మమ్మ పేరూ, ఊరి పేరూ అట్టముక్కమీద వ్రాసి పెడతాము. ఒక మూల రెండు పువ్వులు తక్కువ పడి ఖాళీ వున్నది. అమ్మకు అతుకు వచ్చును గాని ఆ పువ్వు రాదు. నరసాపురం, పాలకొల్లు వైపునుంచి వచ్చినవారిలో ఆ పువ్వు యెరిగిన పెద్దలెవరైనా వుంటే దయచేసి ఒకసారి చూడండి. దారమూ సూదీ ఆ బల్లమీదనే వుంచుతాము.